జపాన్ యుద్ధానికి ఎందుకు వెళ్ళింది? టోక్యో యూషూకన్ మ్యూజియం చెప్పే సగం జవాబు

టోక్యో నిషి కసాయ్‌లో ఉండే మన తెలుగువాళ్ళు తరచూ అడుగుతుంటారు, యసుకుని గుడి పక్కన ఉన్న ఆ యుద్ధ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా అని. అందుకే ఇది రాస్తున్నాను. వెళ్ళొచ్చు, వెళ్ళాలి కూడా. అయితే అక్కడి వస్తువులకి నేను 5కి 5 ఇస్తాను, ఆ వస్తువుల పక్కన రాసిన కారణాలకి 2 మాత్రమే ఇస్తాను. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

నేను కాకినాడలో హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. జపాన్ సామ్రాజ్య విస్తరణకు కారణాలు రాయమంటే పిల్లలు ముడిసరుకుల కొరత, జనాభా ఒత్తిడి, సైనికవాదం అని మూడు ముక్కలు రాసేవాళ్ళు. మూడూ సరైనవే, మార్కులు పడేవి. కానీ ముడిసరుకులు లేని దేశాలు లోకంలో చాలా ఉన్నాయి. అవన్నీ పొరుగువాళ్ళ మీద పడలేదు. ఎవరు, ఎప్పుడు, ఏ గదిలో కూర్చుని ఏం నిర్ణయించారన్నది ఆ మూడు ముక్కల్లో ఉండదు.

మా ఊరికీ ఈ ప్రశ్నతో సంబంధం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ రేవు మీదా బాంబులు వేశాయి. సామాన్లు బళ్ళకెత్తుకుని జనం లోపలి పల్లెలకి తరలిపోయిన సంగతి మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవారు. అంత దూరం నుంచి ఆ విమానాలు గోదావరి తీరం దాకా ఎందుకు వచ్చాయో వాళ్ళెవరికీ తెలియదు. అమ్మాయి, అల్లుడు టోక్యోలో ఉన్నారు కాబట్టి, ఆ జవాబుని జపాన్ వాళ్ళ నోటి నుంచే వినాలని ఈ మ్యూజియానికి వెళ్ళాను.

నిషి కసాయ్ నుంచి తోజాయ్ లైన్ ఎక్కితే ఎక్కడా మారక్కర్లేదు, కుదాన్‌షితాలో దిగితే చాలు. మెట్లెక్కి బయటికి రాగానే 25 మీటర్ల ఎత్తున ఉక్కు తోరణం కనిపిస్తుంది. దాన్ని దాటాక జపాన్ ఆధునిక సైన్యానికి పునాది వేసిన ఓమురా మసుజిరో విగ్రహం ఉంటుంది, 1893లో పెట్టింది. గుడి 1869 నాటిది, యుద్ధాల్లో చనిపోయిన సైనికుల కోసం కట్టింది. దాదాపు 24 లక్షల 66 వేలమందిని ఇక్కడ దేవతలుగా కొలుస్తారు. 1978లో ఏ క్లాస్ యుద్ధ నేరస్థులు, అంటే యుద్ధాన్ని నడిపించినందుకు దోషులుగా విచారించిన పెద్దలు, 14 మందిని కూడా అందులో చేర్చారు. ప్రధానమంత్రి ఈ గుడికి వచ్చినప్పుడల్లా చైనా, కొరియాలు మండిపడేది అందుకే. మ్యూజియం 1882లో మొదలైంది, 1945లో ఓటమితో మూతపడింది, 1986లో మళ్ళీ తెరిచారు, 2002లో పెంచి కట్టారు. ఇది ప్రభుత్వానిది కాదు, గుడివాళ్ళది. అంటే ఇక్కడ వినిపించేది చనిపోయిన సైనికుల గౌరవం కాపాడటానికి చెప్పే చరిత్ర. అది మనసులో పెట్టుకునే లోపలికి అడుగుపెట్టాలి.

కింది హాల్లో టికెట్ లేకుండానే చూడదగ్గవి రెండున్నాయి. ఒకటి జీరో యుద్ధ విమానం. ఫోటోలు తీసుకునేవాళ్ళంతా దాని చుట్టే ఉంటారు. రెండోది సీ56 31 నంబరు ఆవిరి ఇంజను. దాని దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. థాయ్‌లాండ్ నుంచి బర్మాకి జపాన్ సైన్యం వేసిన 415 కిలోమీటర్ల రైలుమార్గం 1943 అక్టోబర్‌లో పూర్తయినప్పుడు, ప్రారంభోత్సవంలో నడిచిన ఇంజను ఇది. 1979లో దీన్ని వెనక్కి తెచ్చి ఇక్కడ పెట్టారు. ఆ దారి వేయడంలో 12 వేలమందికి పైగా మిత్రరాజ్యాల యుద్ధ ఖైదీలు చనిపోయారు. ఆసియా కూలీలు అంతకన్నా చాలా ఎక్కువమంది పోయారు, 90 వేల దాకా అని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్ళిన తమిళులు వాళ్ళలో ఉన్నారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఆ తోటలకి వలసపోయిన మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇంజను నల్లగా, శుభ్రంగా మెరుస్తుంటుంది. పక్కన ఉన్న పలక మీద నేను చదివినంతలో ఆ కూలీల ఊసు లేదు. తెలుగువాళ్ళు ఎవరు వెళ్ళినా ఆ ఇంజను ముందు ఒక్క నిమిషం నిలబడండి.

టికెట్ తీసుకుని పై అంతస్తుకి వెళితే కథ వరసగా మొదలవుతుంది. తొలి గదులు చక్కగా చేశారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా వాళ్ళు ఆసియాని ఎలా పంచుకున్నారో పటాల్లో చూస్తే, అప్పటి జపాన్ వాళ్ళ భయం మనకి వెంటనే అర్థమవుతుంది. నల్లమందు యుద్ధంలో చైనా అంతటి దేశం బ్రిటన్ చేతిలో ఓడిపోవడం వాళ్ళు చూశారు. 1853లో అమెరికా నౌకాదళ అధికారి పెర్రీ నాలుగు నౌకలతో వచ్చి తలుపు తట్టాడు. 1858 ఒప్పందాలతో దిగుమతి సుంకాలు వాళ్ళ చేతిలోంచి జారిపోయాయి, వాళ్ళ నేల మీద తప్పు చేసిన విదేశీయుణ్ణి వాళ్ళ కోర్టులో విచారించే హక్కు పోయింది. సుంకాల మీద పూర్తి హక్కు మళ్ళీ దక్కింది 1911లో. బలం లేకపోతే బతుకు లేదని ఆ తరం అనుకుందంటే కారణం ఉంది. ఈ భాగాన్ని పిల్లలకి తప్పకుండా చూపించండి.

అదే జపాన్ 1876లో కొరియా తలుపు ఎలా తట్టిందో మాత్రం మీరే పక్కన నిలబడి చెప్పాల్సి వస్తుంది. ముందు ఏడాది గంఘ్వా ద్వీపం దగ్గరికి యుద్ధనౌకని పంపి కాల్పులు జరిపి, ఆ తర్వాత సంతకం పెట్టించుకున్న ఒప్పందంలో అవే షరతులు: కొరియా నేల మీద జపానీయులకి జపాన్ చట్టమే, సరుకుకి సుంకం లేదు. పెర్రీ వచ్చి పాతికేళ్ళయినా కాలేదు. పెర్రీకి దొరికినంత చోటు ఈ సంగతికి దొరకలేదు. నా లెక్కలో కారణాల కథ తిరిగిన మొదటి మలుపు ఇదే.

రెండో మలుపు 1890లో వచ్చింది. మొట్టమొదటి పార్లమెంటులో ప్రధాని యమగాత అరితోమో రెండు గీతల గురించి మాట్లాడాడు. ఒకటి దేశపు సరిహద్దు గీత. రెండోది దేశ భద్రతకి అవసరమైన బయటి గీత, కొరియా దాని లోపల ఉంది. వినడానికి అది ఆత్మరక్షణే. కానీ ఆ బయటి గీత ఒకచోట ఆగదు. జపాన్‌ని కాపాడటానికి కొరియా కావాలి, కొరియాని కాపాడటానికి మంచూరియా (చైనా ఈశాన్య ప్రాంతం), మంచూరియాని కాపాడటానికి ఉత్తర చైనా, చైనా యుద్ధం గెలవడానికి ఆగ్నేయాసియా చమురు, ఆ చమురుకి కాపలాగా బర్మా, అండమాన్, హిందూ మహాసముద్రం. మా కాకినాడ రేవు దాకా వచ్చిన దారి అది. మ్యూజియం గదులన్నీ ఈ గీత వెంటే నడుస్తాయి. అది ఎందుకు జరుగుతూ పోయిందని మాత్రం ఏ గదిలోనూ గట్టిగా అడగరు.

1894–95 చైనా యుద్ధం గది త్వరగా చూసేయొచ్చు. కానీ ఒక అంకె గుర్తుంచుకోండి: షిమొనొసెకి ఒప్పందంలో చైనా కట్టాల్సిన పరిహారం 20 కోట్ల టేల్‌ల (చైనా పాత తూకం) వెండి. తైవాన్ కూడా చేతికొచ్చింది. 1901లో మొదలైన యవాతా ఉక్కు కర్మాగారానికి కొంత డబ్బు అందులోంచే వెళ్ళింది. యుద్ధం చేస్తే లాభం వస్తుందని ఒక దేశం మొత్తానికి ఆ ఏడాది తెలిసింది. అదే ఒప్పందంలో దక్కిన లియావోడోంగ్ ద్వీపకల్పాన్ని రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ కలిసి బెదిరించి వెనక్కి ఇప్పించాయి. మూడేళ్ళకి అక్కడి పోర్ట్ ఆర్థర్‌ని రష్యానే కౌలుకి తీసుకుంది. ఆ అవమానాన్ని మ్యూజియం బాగా చెబుతుంది. అది చెప్పుకోవాల్సిందే.

రష్యా యుద్ధం గది అన్నిటికన్నా పెద్ద హంగుతో ఉంటుంది, సినిమా తెర, సంగీతం. త్సుషిమా జలసంధిలో జపాన్ నౌకాదళాధిపతి తోగో విజయం చూసి మనవడు చప్పట్లు కొట్టాడు, తప్పేం లేదు, అప్పట్లో మన దేశంలోనూ జనం సంతోషించారు. కానీ ఆ గెలుపు వెనక అప్పు ఉంది. తకహాషి కొరెకియో అనే ఆర్థిక నిపుణుడు లండన్, న్యూయార్క్ తిరిగి బాండ్లు అమ్మి యుద్ధానికి డబ్బు తెచ్చాడు. ఆ యుద్ధాన్ని ముగించిన పోర్ట్స్‌మత్ ఒప్పందంలో ఈసారి పరిహారం పైసా రాలేదు. పన్నులు కట్టి, కొడుకుల్ని పోగొట్టుకున్న జనం 1905 సెప్టెంబర్‌లో టోక్యో హిబియా పార్కు దగ్గర తిరగబడ్డారు, పోలీసు ఠాణాలు తగలబెట్టారు. తమకి దక్కిన దక్షిణ మంచూరియా రైల్వే, దాని చుట్టూ ఉన్న హక్కులు ఆ తర్వాత వాళ్ళకి పవిత్రమైపోయాయి. లక్షమంది ప్రాణాలు, 200 కోట్ల యెన్‌లు ధారపోసి తెచ్చుకున్న నేల అన్న మాట దశాబ్దాల పాటు వినిపించింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1919లో పారిస్ శాంతి సభలో జాతుల సమానత్వం గురించి జపాన్ పెట్టిన ప్రతిపాదనకి ఎక్కువ ఓట్లు వచ్చినా అమెరికా అధ్యక్షుడు విల్సన్ దాన్ని పక్కన పెట్టేశాడు. 1924లో అమెరికా వలస చట్టం జపానీయులకి తలుపు మూసింది. ఇవి నిజమైన గాయాలే.

ఇక 1931. నన్ను బాగా నిరాశపరిచింది ఈ భాగం. చైనాలో జపాన్ వ్యతిరేక ఉద్యమం ఎంత పెరిగిందో ముందు పెట్టి, గొడవ దానంతటది ముదిరినట్టు చెప్పుకుపోతారు. జరిగింది వేరు. సెప్టెంబర్ 18 రాత్రి మంచూరియా నగరం ముక్దెన్ దగ్గర రైలు పట్టాల మీద చిన్న పేలుడు జరిగింది. రైల్వే జపాన్‌దే, పేల్చింది కూడా అక్కడ కాపలా ఉన్న జపాన్ క్వాంటుంగ్ సైన్యంవాళ్ళే. పథకం వేసింది ఇషివారా కంజి, ఇతగాకి సెయిషిరో అనే అధికారులు. నింద చైనా మీద వేసి ముక్దెన్‌ని పట్టుకున్నారు. గొడవని పెంచొద్దని టోక్యోలో మంత్రివర్గం నిర్ణయించింది, సైన్యం వినలేదు. కొరియాలో ఉన్న జపాన్ దళాలు చక్రవర్తి అనుమతి లేకుండానే సరిహద్దు దాటి వాళ్ళకి తోడయ్యాయి. అప్పట్లో ఎవరికీ శిక్ష పడలేదు, ఇతగాకి తర్వాత యుద్ధమంత్రి కూడా అయ్యాడు. అమెరికాతో ఎప్పటికైనా మహాయుద్ధం తప్పదని, దానికి మంచూరియా బొగ్గు, ఇనుము ముందే చేతిలో ఉండాలని ఇషివారా నమ్మకం. ముడిసరుకుల కొరత అని మా పిల్లలు రాసిన ముక్క వెనక ఉన్న మనిషి అతను. అక్కడ కొరత ఒక సాకు కాదు, రాబోయే యుద్ధానికి వేసుకున్న లెక్క.

మరి జనం ఎందుకు జేజేలు కొట్టారు? దీనికి జవాబు పల్లెల్లో ఉంది, ఆ పల్లెలు ఈ మ్యూజియంలో లేవన్నంత తక్కువగా ఉన్నాయి. 1929 నాటికి జపాన్ ఎగుమతుల్లో మూడో వంతుకి పైగా ముడిపట్టే, అదంతా దాదాపు అమెరికాకే వెళ్ళేది. ప్రతి ఐదు రైతు కుటుంబాల్లో రెండు పట్టుపురుగులు పెంచేవి. అమెరికాలో మాంద్యం రాగానే పట్టు ధర సగానికి సగం పడిపోయింది. సరిగ్గా అప్పుడే, 1930 జనవరిలో, ప్రభుత్వం యెన్‌ని మళ్ళీ బంగారానికి ముడిపెట్టి పరిస్థితిని ఇంకా బిగించింది. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ ఎరిగినవాళ్ళకి, ధర పడిన రోజు రైతు ముఖం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. 1931లోనూ, మళ్ళీ 1934లోనూ ఈశాన్య జిల్లాల్లో పంటలు పోయాయి. అప్పుల కింద ఆడపిల్లల్ని అమ్ముకున్న కుటుంబాలున్నాయి. సైన్యంలో సిపాయిలు ఈ ఊళ్ళ పిల్లలే. రాజకీయ నాయకులు, పెట్టుబడిదారులు దేశాన్ని అమ్మేశారని, సైన్యమే కాపాడుతుందని చిన్న అధికారులు చెబితే ఆ ఇళ్ళు నమ్మాయి. మంచూరియా జపాన్‌కి ప్రాణనాడి అని రాజకీయ నాయకుడు మత్సుఒకా యోసుకె అన్న మాట వాళ్ళ చెవికి అన్నంలా వినిపించింది. పట్టుకి పేరుపడిన నగానో ప్రాంతం నుంచే మంచూరియాకి రైతులు అందరికన్నా ఎక్కువగా వెళ్ళారు, దాదాపు 33 వేలమంది. వాళ్ళకిచ్చిన నేలలో చాలా భాగం చైనా రైతుల దగ్గర బలవంతంగా తక్కువ ధరకి లాక్కున్నది.

రాజ్యాంగం సంగతి కూడా గాజు పెట్టెలో పట్టే వస్తువు కాదు కాబట్టేమో, ఇక్కడ పెద్దగా కనిపించదు. 1889 మెయిజీ రాజ్యాంగం ప్రకారం సేనల అధిపతి నేరుగా చక్రవర్తి, మంత్రివర్గం కాదు. దాంతో సైన్యం, నౌకాదళం ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా పెరిగాయి. 1936లో ఇంకో నియమాన్ని తిరిగి తెచ్చారు: సైనిక మంత్రులుగా ఉద్యోగంలో ఉన్న సేనానులే ఉండాలి. సైన్యం తన మనిషిని ఇవ్వనంటే మంత్రివర్గమే నిలబడదు. ఎదురు చెప్పినవాళ్ళు బతకలేదు. 1932 మే 15న ప్రధాని ఇనుకాయ్ త్సుయోషిని యువ నౌకాదళ అధికారులు ఇంట్లోనే కాల్చి చంపారు. 1936 ఫిబ్రవరి 26న మంచు పడుతున్న తెల్లవారుజామున, యువ సైనికాధికారుల తిరుగుబాటులో చంపబడినవాళ్ళలో తకహాషి కొరెకియో ఉన్నాడు, రష్యా యుద్ధానికి అప్పు తెచ్చిన ఆ మనిషే. ఆర్థికమంత్రిగా సైన్యం ఖర్చుకి పగ్గం వేయబోయాడు, అప్పటికి 81 ఏళ్ళు. ఆయన కథ ఒక్కటి ఒక గదిలో పెట్టినా ఈ మ్యూజియం సగం సరిదిద్దుకునేది.

చైనాతో పూర్తి యుద్ధం మొదలైన 1937 గదిలో, జపాన్ సైన్యం పట్టుకున్న అప్పటి చైనా రాజధాని నాన్‌జింగ్ గురించి రాసింది చదివితే మనసు చివుక్కుమంటుంది. సేనాని క్రమశిక్షణ పాటించమన్నాడని, పౌర దుస్తులు వేసుకున్న చైనా సైనికుల్ని కఠినంగా శిక్షించారని ఉంది. చంపేసిన మామూలు జనం గురించి లేదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఆగి ఆ మాట చెప్పాలి.

1941కి వచ్చేసరికి వాదన అంతా చమురు మీద ఉంటుంది. జపాన్‌కి కావాల్సిన చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. జులైలో జపాన్ దళాలు దక్షిణ ఇండోచైనాలో దిగగానే అమెరికా తన దగ్గరున్న జపాన్ ఆస్తుల్ని స్తంభింపజేసింది, చమురు ఆగిపోయింది. గొంతు నొక్కితే ఏం చేస్తారన్నది మ్యూజియం వాదం. అమెరికానే జపాన్‌ని యుద్ధంలోకి నెట్టిందన్నంత గట్టిగా ఉన్న కొన్ని వాక్యాల్ని, విమర్శలు వచ్చాక 2006–07 ప్రాంతంలో మార్చారు. ఇప్పుడున్న పాఠం మెత్తబడింది గానీ దారి అదే. అమెరికా అడిగింది చైనా నుంచి వెనక్కి రమ్మని. 1941 అక్టోబర్‌లో యుద్ధమంత్రిగా తోజో మంత్రివర్గంలో దాన్ని తోసిపుచ్చాడు. అంతమంది సైనికుల త్యాగం తర్వాత దళాల్ని వెనక్కి పిలిస్తే అది ఓటమే, మంచూరియా, కొరియా కూడా చేజారుతాయన్నాడు. 1905 తర్వాత వినిపించిన మాటే, ఇంకో రూపంలో. పోయినవాళ్ళ రక్తం వృథా కాకూడదని ఇంకొందర్ని పంపారు, వాళ్ళ రక్తం వృథా కాకూడదని మరికొందర్ని. జపాన్ విస్తరణ కారణాల్లో చనిపోయిన సైనికులే ఒక కారణమయ్యారు. వాళ్ళ పేరు మీద నడిచే మ్యూజియం ఈ సంగతిని గట్టిగా చెప్పి ఉంటే నేను దండం పెట్టి వచ్చేదాన్ని.

చివరి గదుల్లో గోడల నిండా సైనికుల ఫోటోలు, వేలకొద్దీ. ఇంటికి రాసిన ఉత్తరాలు. పెళ్ళి కాకుండా పోయిన కొడుకుల కోసం తల్లులు ఇచ్చిన పెళ్ళికూతురు బొమ్మలు, గాజు పెట్టెల్లో. అక్కడ నాకు కళ్ళు నిండాయి, అది దాచుకోను. ఆ పిల్లల్లో ఎవరూ మంచూరియా పథకం వేయలేదు.

బయట మనవాళ్ళని చాలామంది ఆపి చూపించేది రాధావినోద్ పాల్ స్మారకం, 2005లో పెట్టారు. యుద్ధం తర్వాత జపాన్ నాయకుల మీద నడిపిన టోక్యో విచారణలో నిందితులందరినీ నిర్దోషులన్న భారతీయ న్యాయమూర్తి ఆయన. మన దేశస్థుడని గర్వపడేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. గెలిచినవాళ్ళు తర్వాత చేసిన చట్టంతో ఓడినవాళ్ళని శిక్షించకూడదన్నది ఆయన వాదన. జపాన్ దళాలు అకృత్యాలు చేశాయనడానికి సాక్ష్యం బలంగా ఉందని ఆ తీర్పులోనే రాశారు.

వెళ్ళేవాళ్ళకి: పెద్దవాళ్ళకి టికెట్ 1000 యెన్‌లు, ప్రాథమిక పాఠశాల పిల్లలకి లేదు. మధ్యాహ్నం దాటాక వెళ్ళొద్దు, నాలుగున్నరకి మూసేస్తారు, చదువుతూ చూస్తే పూట పడుతుంది. వివరాలు పూర్తిగా జపనీస్‌లోనే ఉంటాయి, ఇంగ్లిష్‌లో సారాంశమే. జపనీస్ చదవగలిగినవాళ్ళు తోడుంటే చాలా తేడా. లోపలి గదుల్లో ఫోటోలు తీయనివ్వరు. పదేళ్ళలోపు పిల్లలకి కింది హాలు, పెర్రీ గది చాలు. హైస్కూలు పిల్లలైతే మొత్తం చూపించండి, కానీ 1931 గది ముందు పైన చెప్పినవి ఒకసారి చెప్పి లోపలికి తీసుకెళ్ళండి. స్టేషన్ పక్కనే షోవాకన్ అని ఇంకో మ్యూజియం ఉంది, యుద్ధకాలంలో మామూలు ఇళ్ళు ఎలా బతికాయో అందులో చూపిస్తారు, రెండూ ఒకే రోజు చూడొచ్చు. వీలున్నవాళ్ళు నగానోలో అచి అనే ఊరికి వెళ్ళండి. మంచూరియాకి పంపిన రైతుల కోసం 2013లో అక్కడ ఒక మ్యూజియం పెట్టారు. యూషూకన్‌లో కనపడని పట్టు పల్లెల కథ అక్కడుంది. అల్లుడికి సెలవు దొరికితే మేమూ అక్కడికే.